గుంటలు పడ్డ క్రోము: పాత సెడాన్ లోపలి సామానుకు మళ్లీ మెరుపు ఎలా?

పాతబండి
అందరికీ నమస్కారం. 1952 నాటి అమెరికన్ సెడాన్ ఒకటి పూర్తిగా విప్పి పెట్టుకున్నాను. ఇంజను పని ఒక దారికి వచ్చింది. సీట్ల సంగతి వేరేవాళ్లు చూస్తున్నారు. నా వంతుకు మిగిలింది లోపలి మెరుపు సామాను: మీటర్ల చుట్టూ ఉండే రింగులు, రేడియో జాలీ, హారన్ రింగు, కిటికీ అద్దం తిప్పే హ్యాండిళ్లు, తలుపు పిడులు, తలుపుల మీది పొడవాటి పట్టీలు.

దూరం నుంచి పరవాలేదనిపిస్తాయి. దగ్గరికి వెళితే చాలావాటి మీద పొక్కులు, పొక్కులు పగిలినచోట సూదిమొనంత గుంటలు. గోటితో గీకితే తెల్లటి పొడి రాలుతోంది. క్రోము పాలిష్ పెట్టి రుద్దితే చుట్టూ మెరుపు పెరిగి, గుంటలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఎమరీ కాగితంతో గుంట అడుగు దాకా అరగదీసి బఫ్ చేస్తే, అంటే తిరిగే గుడ్డ చక్రంతో మెరుగుపెడితే, పోతాయా? అన్నీ ప్లేటింగుకు (విద్యుత్తుతో లోహపు పూత వేయించడానికి) ఇచ్చేయాలా? రంగు వేస్తే సరిపోతుందని ఒక మిత్రుడి సలహా.

టంకంపెట్టె
పాతబండి గారూ, ఎమరీ కాగితం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు చెప్పినవన్నీ ఒకే లోహం అయ్యుండవు. ప్రతి భాగాన్నీ తిరగేసి వెనకవైపు చూడండి. వెనక బూడిదరంగులో ఉండి, చిన్న చిన్న గుండ్రటి ముద్రలు కనిపించి, స్క్రూలు పట్టే దిమ్మెలు కూడా అందులోనే కలిపి పోసినట్టుంటే అది అచ్చులో పోసిన జింక్ మిశ్రమం. ఆ ముద్రలు వస్తువును అచ్చులోంచి బయటికి నెట్టిన పిన్నులవి. అలా కాక రేకును వంచి చేసినట్టుంటే స్టెయిన్‌లెస్ స్టీలో, అల్యూమినియమో, ఇనుమో అయ్యుంటుంది. తూకంలోనూ తేడా తెలుస్తుంది. జింక్ మిశ్రమం సాంద్రత 6.6 దాకా ఉంటుంది, అల్యూమినియానిది 2.7 మాత్రమే.

అయస్కాంతాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. కార్ల పట్టీలకు ఎక్కువగా వాడే 430 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. అంటుకుంది కదా, ఇనుము మీద క్రోము పూతే అనుకొని ప్లేటింగుకు పంపేవాళ్లున్నారు. అసలు దాని మీద పూతే ఉండదు. బఫ్ చేస్తే కొత్తదవుతుంది.

కొత్తమెరుపు
ఇంత దూరం ఎందుకండీ? అల్యూమినియం రేకును ఉండగా నలిపి, నీళ్లలో ముంచి రుద్దండి. నా దగ్గరున్న పాత బండి బంపరు మీది మచ్చలన్నీ అలాగే పోయాయి. తరవాత మైనం పూస్తే చాలు.

నికెల్‌నీడ
బంపరుకు ఆ చిట్కా మంచిదే. అక్కడ కింద ఉన్నది ఇనుము. పూతలోని రంధ్రాల్లోంచి పైకి వచ్చిన తుప్పును రేకు తీసేస్తుంది. పాతబండి గారికి రాలుతున్నది తెల్లటి పొడి. అది తేమ జింక్‌ను తినగా మిగిలిన పొడి. పైన ఎంత రుద్దినా కింద జరిగినది మారదు.

అలంకరణకు వేసే క్రోము పొర చాలా పలచన, మామూలుగా అర మైక్రాను (మిల్లీమీటరులో రెండువేలవ వంతు) కూడా దాటదు. దానికి తోడు కంటికి ఆనని రంధ్రాలు, పగుళ్లు ఉంటాయి. తుప్పును ఆపే పని నిజానికి కింద ఉన్న నికెల్‌ది, ఆ కింది రాగిది. ఆ పొరలు ఎక్కడైనా తూట్లు పడి తేమ జింక్ దాకా చేరితే చిన్నపాటి బ్యాటరీ తయారైనట్టే. రాగి, నికెల్‌లతో పోలిస్తే జింక్ చురుకైన లోహం కాబట్టి అదే కరుగుతుంది. కరిగి తయారైన తెల్లటి పొడికి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే పూతను కింది నుంచి పైకి నెడుతుంది. మీరు చూస్తున్న పొక్కు అది. పొక్కు పగిలితే గుంట. గుంట నోరు చిన్నది, కడుపు పెద్దది.

మీ బండి 1952 నాటిది అన్నారు. కొరియా యుద్ధ కాలంలో అమెరికాలో నికెల్ వాడకం మీద ఆంక్షలు పెట్టారు. అప్పటి కార్లలో చాలావాటికి నికెల్ పొర తగ్గించి, లేదా పూర్తిగా మానేసి, రాగి మీదే క్రోము వేశారు. 1951–53 బండ్ల మెరుపు సామాను ముందూ వెనకా సంవత్సరాల వాటికన్నా అధ్వానంగా ఉండటానికి కారణం ఇదే. మునుపటి యజమాని నిర్లక్ష్యం అనుకోనక్కరలేదు.

పాతబండి
చాలా విషయాలు తెలిశాయి, ధన్యవాదాలు. అన్నీ తిరగేసి చూశాను. తలుపు పట్టీలు రేకువే, అయస్కాంతానికి అంటుకుంటున్నాయి, ఎక్కడా పొక్కులు లేవు, గీతలూ సొట్టలూ మాత్రమే ఉన్నాయి. అంటే అది 430 రకమే కావచ్చు. హ్యాండిళ్లు, పిడులు, హారన్ రింగు, మీటర్ల రింగులు, జాలీ అన్నీ జింక్. గుమ్మం దగ్గర సన్నటి పట్టీలు రెండు మాత్రం తేలిగ్గా ఉన్నాయి, అల్యూమినియం అనుకుంటున్నాను.

ఒక అనుమానం. వేరే పాత బండి నుంచి తీసిన జాలీ కూడా ఒకటి నా దగ్గర ఉంది. దాని మీద గుంటలు తక్కువ, కానీ అంతటా వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయి, కొంచెం వంకర కూడా తిరిగింది. దాన్ని బాగుచేసుకోవడం మేలా?

టంకంపెట్టె
ఆ రెండోదాన్ని నమూనాగా మాత్రమే దాచుకోండి. అది జింక్ తెగులు. మిశ్రమంలో సీసం, తగరం లాంటి మలినాలు కలిస్తే లోహపు రేణువుల సరిహద్దుల వెంట లోపలే క్షయం మొదలవుతుంది. వస్తువు ఉబ్బుతుంది, వంగుతుంది, చివరికి చేతిలో విరిగిపోతుంది. దానికి మందు లేదు. పూత వేసినా కింద లోహం కదులుతూనే ఉంటుంది. న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో జమాక్ అనే జింక్ మిశ్రమాలను తెచ్చింది ఇందుకే. అతి శుద్ధమైన జింక్ వాడితే ఈ తెగులు రాదని తేలింది. 1930లకు ముందు పోతల్లో ఇది ఎక్కువ, మలినాలు కలిసిన తరవాతి పోతల్లోనూ అక్కడక్కడ కనిపిస్తుంది. గుంటలు పడ్డా గట్టిగా ఉన్న ముక్కే నయం.

మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. అచ్చు పోతలో పై పొర దట్టంగా ఉంటుంది, లోపల గాలి బుడగలుంటాయి. గుంట అడుగు దాకా మొత్తం అరగదీస్తే ఆ దట్టమైన పొర పోయి కొత్త రంధ్రాలు బయటపడతాయి. ఒక గుంట పోగొట్టబోతే పది తేలతాయి. పైగా అంచుల పదును, చెక్కిన గీతలు కూడా పోతాయి. గుంటను ఒక్కదాన్నే తెరిచి నింపాలి.

చేతిపని
ముందు పాత క్రోము తీయాలి కదా. అది ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్లాస్టిక్ తొట్టెలో చాకలి సోడా కలిపిన నీళ్లు, బ్యాటరీ చార్జరు, వస్తువుకు ప్లస్ వైరు, ఇనుప ముక్కకు మైనస్ వైరు. కాసేపటికి క్రోము కరిగిపోతుంది.

నికెల్‌నీడ
కరిగిన క్రోము ఎక్కడికి పోతుందో చూశారా చేతిపని గారూ? నీళ్లు పసుపు రంగుకు తిరిగితే అది క్రోమేటు, అంటే ఆరు సంయోజకత ఉన్న క్రోమియం. క్యాన్సర్ తెచ్చే పదార్థం. బుడగలతో పాటు గాలిలోకి తుంపరగా లేస్తుంది, చర్మానికి మంచిది కాదు, ఆ నీళ్లను కాలువలో పొయ్యకూడదు. ఆమ్లంతో తీద్దామన్నా చిక్కే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం క్రోమును తీస్తుంది నిజమే, గుంటల్లోంచి దిగి కింది జింక్‌ను అంతకన్నా వేగంగా తింటుంది. ఈ ఒక్క మెట్టు ప్లేటింగ్ వర్క్‌షాపుకు వదిలేయండి. వ్యర్థ జలాన్ని శుద్ధి చేసే ఏర్పాటున్న చోటికే ఇవ్వండి.

చేతిపని
పసుపు రంగు సంగతి గమనించాను గాని అది మురికి అనుకున్నాను. సరే, ఆ పని ఇక బయటే చేయిస్తాను. మరి క్రోమును కాగితంతో రుద్ది, దాని మీదే కొత్త పూత వేయించవచ్చా?

నికెల్‌నీడ
వేయించకూడదు. పాత క్రోము మీద కొత్త పూత పట్టు నిలవదు, పొరలుగా లేచిపోతుంది.

టంకంపెట్టె
గుంట నింపే పని గురించి వివరంగా రాస్తాను. వర్క్‌షాపుకు ఇచ్చేవాళ్లు కూడా ఈ వరస తెలుసుకుని ఇస్తే, అక్కడ ఏం అడగాలో తెలుస్తుంది.

క్రోము, నికెల్ తీసి వస్తువు చేతికి వచ్చాక ప్రతి గుంటనూ చిన్న గుండ్రటి బర్ (లోహాన్ని చెక్కే మొన) పెట్టిన చేతి గ్రైండరుతో తెరవాలి. నోరు చిన్నది, కడుపు పెద్దది అని నికెల్‌నీడ గారు చెప్పిన ఆకారాన్ని తిరగేసి, నోరు వెడల్పు, అడుగు సన్నం అయ్యేదాకా చెక్కాలి. అడుగున తళతళలాడే లోహం కనిపించాలి. తెల్ల పొడి గాని, నల్లటి చుక్క గాని రవ్వంత మిగిలినా ప్లేటింగ్ ద్రావణం అందులో దాక్కుంటుంది. నెలల తరవాత అదే చోట పొక్కు లేస్తుంది. కొందరు గాజు పూసలతో బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో సన్నటి పూసలు కొట్టించడం) చేయించి గుంటలు శుభ్రమయ్యాయనుకుంటారు. మెత్తటి లోహం మీద ఆ దెబ్బలకు గుంట నోరు మూసుకుపోతుంది, లోపలి పొడి లోపలే ఉండిపోతుంది. దాన్ని ఈ పనికి వాడకండి.

తెరిచిన వెంటనే టంకం పెట్టకూడదు. జింక్ మిశ్రమంలో అల్యూమినియం ఉంటుంది కాబట్టి పైన ఆక్సైడు పొర ఏర్పడి టంకం సరిగా పట్టదు. ముందు పలచని రాగి పూత కావాలి. అదీ క్షార గుణం ఉన్న ద్రావణంలో వేసింది, సాధారణంగా సైనైడ్ రాగి. ఆమ్ల రాగి తొట్టెలో నేరుగా వేస్తే జింక్ కరుగుతుంది. సైనైడ్ అనగానే ఇది ఇంటి పని కాదని వేరే చెప్పనక్కరలేదు.

రాగి పూత వచ్చాక గుంటల్లో టంకం. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మన మిశ్రమం 380 డిగ్రీల చుట్టుపక్కల కరగడం మొదలుపెడుతుంది. తేడా చాలానే ఉందనిపిస్తుంది గాని మంట పెట్టకండి. జింక్ ఎర్రబడి హెచ్చరించదు, చూస్తుండగానే కూలిపోతుంది. బరువైన మొన ఉన్న టంకం కడ్డీతో నిదానంగా చేయాలి. కిటికీ తెరిచి పెట్టుకోండి, చేతులు కడుక్కోండి, సీసంతో పని.

నింపాక టంకాన్ని చుట్టూ ఉన్న మట్టానికి దించాలి. టంకం రాగి కన్నా మెత్తన. కాగితాన్ని వేలితో పట్టుకుని రుద్దితే టంకం దగ్గర పల్లం పడుతుంది. పైన క్రోము వేశాక ఆ పల్లం అద్దంలో వంకరలా కనిపిస్తుంది. కాగితాన్ని గట్టి రబ్బరు దిమ్మెకో చెక్కకో చుట్టి 320, 400, 600 నంబర్ల వరసలో (నంబరు పెరిగేకొద్దీ కాగితం నున్నన) వెళ్లండి. ఆ తరవాత ఆమ్ల రాగి మందంగా వేయించి మళ్లీ రుద్దాలి, మళ్లీ రాగి. రాగి గులాబీ రంగులో నున్నగా, ఎక్కడా గీత లేకుండా కనిపించేదాకా నికెల్ దగ్గరికి వెళ్లకూడదు. క్రోము ఏ లోపాన్నీ దాచదు, పెద్దది చేసి చూపిస్తుంది.

పాతబండి
సీసం కలిస్తే జింక్ తెగులు వస్తుందని మీరే చెప్పారు. మళ్లీ సీసం ఉన్న టంకమే పెట్టమంటున్నారేమిటి?

టంకంపెట్టె
మంచి ప్రశ్న. తెగులు వచ్చేది లోహం కరిగి ఉన్నప్పుడు సీసం మిశ్రమం అంతటా కలిసిపోతే. ఇక్కడ మిశ్రమం కరగదు, మధ్యలో రాగి పొర అడ్డుగా ఉంటుంది, టంకం గుంటలోనే ఉంటుంది. ఆ రాగి పొర లేకుండా పెట్టవద్దనడానికి ఇది రెండో కారణం.

రంగులపని
ఇదంతా నిజమే గాని అన్ని ముక్కలకూ ఇంత శ్రమ అవసరమా? నా లెక్క వేరు. చేయి తగిలే వాటిని, తగలని వాటిని వేరు చేయండి. హారన్ రింగు, కిటికీ హ్యాండిళ్లు, తలుపు పిడులు రోజూ చెమట చేతుల్లో నలుగుతాయి. వాటి మీద ఏ వెండి రంగూ నిలవదు, అసలు పూత వేయించాల్సిందే. మీటర్ల రింగులను, రేడియో జాలీని ఎవరూ ముట్టుకోరు. అక్కడ రంగు ఏళ్ల తరబడి ఉంటుంది.

రంగు వేసేటప్పుడు కూడా గుంటలు తెరిచి శుభ్రం చేయడం మామూలే. నింపడానికి మాత్రం రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీ చాలు. దాని మీద విద్యుత్తు పారదు కాబట్టి తరవాత మనసు మారి ప్లేటింగుకు ఇవ్వాలంటే పుట్టీ అంతా తవ్వి తీయాలి. అందుకే ఏ ముక్కకు ఏ దారి అన్నది ముందే తేల్చుకోండి. మిగిలిన క్రోమును 320 కాగితంతో మెరుపు పోయేదాకా గరుకు చేసి ఎపాక్సీ ప్రైమరు వేయండి. మామూలు ఆల్కిడ్ ఎనామిల్‌ను (నూనె కలిసిన రంగును) నేరుగా జింక్ మీద వేయకండి. అందులోని నూనె జింక్‌తో చర్య జరిపి సబ్బు లాంటి పొరగా మారుతుంది, కొంతకాలానికి రంగు పెచ్చులుగా ఊడుతుంది. క్రోము రంగు అని అమ్మేవి అద్దంలా మెరిసేది నల్లటి నున్నటి అడుగు రంగు మీద, పలచగా కొట్టినప్పుడే. పైన క్లియర్ కోటు (రంగులేని పారదర్శక పూత) వేస్తే వేలిముద్రలు పడవు గాని మెరుపు కాస్త బూడిదబారుతుంది. రెండు భాగాల క్లియర్‌లో ఐసోసయనేట్లు అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి, మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు.

నాలుగుచక్రాలు
రంగు బదులు పౌడర్ కోటింగ్ చేయిస్తే? గట్టిగా ఉంటుంది కదా.

రంగులపని
పౌడర్ కోటింగ్ అంటే రంగు పొడిని చల్లి, 180–200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. అచ్చు పోత లోపలి గాలి బుడగలు ఆ వేడికి ఉబ్బి, పూత మీద కొత్త పొక్కులు లేస్తాయి. ముందే ఒకసారి ఖాళీగా వేడిచేసి గాలి వదిలించి చేసేవాళ్లున్నారు. మళ్లీ దొరకని ముక్క మీద ఆ ప్రయోగం నేనైతే చేయను. టంకం పెట్టిన ముక్కనైతే ఆ పొయ్యి దరిదాపులకు పంపకూడదు, 183 డిగ్రీలకే కారిపోతుంది.

నికెల్‌నీడ
రంగులపని గారితో సగం ఏకీభవిస్తాను. మీటర్ల రింగులు డ్రైవరు కళ్లెదుటే ఉంటాయి. పక్కనే అసలు క్రోము ఉంటే రంగు వేసిన రింగు మొదటి చూపులోనే దొరికిపోతుంది. జాలీకి రంగు సరే, రింగులకు ప్లేటింగే అంటాను.

గరుకుకాగితం
స్టెయిన్‌లెస్ పట్టీల మాట ఎవరూ ఎత్తలేదు, అది నాకు ఇష్టమైన పని. సొట్టలను వెనక నుంచి చిన్న సుత్తితో నెమ్మదిగా లేపండి, ముందువైపు గట్టి చెక్క పెట్టుకోండి. లోతు గీతలున్న చోట 400తో మొదలుపెట్టి 600, 800, 1000, 1500 దాకా. ప్రతి నంబరుకూ రుద్దే దిశ మార్చండి, అప్పుడు వెనకటి గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. తరవాత కుట్టిన గుడ్డ చక్రం మీద స్టెయిన్‌లెస్‌కు వాడే ఆకుపచ్చ కాంపౌండు, చివరికి మెత్తటి విడి గుడ్డ చక్రం.

బఫ్ చక్రం దగ్గర జాగ్రత్త. పొడవాటి పట్టీని అది లాక్కుంటే కొరడాలా తిరుగుతుంది. చక్రం మధ్యరేఖ కన్నా కిందనే పని చేయండి. చక్రం వస్తువు అంచు మీది నుంచి బయటికి జారాలి, అంచుకు ఎదురు రాకూడదు. పట్టీని పొడవునా ఒక చెక్కకు బిగించి పట్టుకుంటే వంగదు. వదులు చొక్కా చేతులు, గుడ్డ చేతొడుగులు వద్దు.

గుమ్మం పట్టీలు అల్యూమినియం అయితే పైన అనోడైజింగ్ పొర (విద్యుత్తుతో ఏర్పరిచిన గట్టి ఆక్సైడు పొర) ఉంటుంది. అది తీయకుండా ఎంత బఫ్ చేసినా మబ్బుగానే ఉంటుంది. పలచని కాస్టిక్ సోడా ద్రావణంలో కాసేపు ఉంచితే పొర కరుగుతుంది. కన్ను వాటి మీదే ఉంచండి, పొర అయిపోగానే లోహాన్నే తినడం మొదలుపెడుతుంది, హైడ్రోజన్ వాయువు వస్తుంది. జింక్ ముక్కలను ఆ తొట్టెలో పొరపాటున కూడా వేయకండి. అల్యూమినియం బఫ్ చేసిన ధూళి పోగుపడ్డ చోట ఇనుము గ్రైండింగ్ చేయవద్దు, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది.

పాతకాలం
మెరుపు ఎంత కావాలో కూడా చూసుకోండి. అన్నీ అద్దంలా మెరవాలన్న తాపత్రయంలో చాలా బండ్లు పాడవుతున్నాయి. 1920ల మొదట్లో కార్ల మీద ఉన్నది నికెలే, కాస్త పసుపు ఛాయ మెరుపు. క్రోము ఆ దశాబ్దం రెండో సగంలో వచ్చింది. 1942 మోడళ్లలో చివరివాటికి యుద్ధ ఆంక్షల వల్ల మెరుపు పట్టీలకు రంగే వేశారు. వాటికి ఇప్పుడు క్రోము వేయడం తప్పు. ఇంకో వైపు, అమెరికాలో 1968 నుంచి అమలైన 107వ భద్రతా ప్రమాణం హారన్ రింగు, స్టీరింగు మధ్య భాగం, లోపలి అద్దం చట్రం వంటి వాటి మెరుపు, దాన్ని కొలిచే పరికరం మీద, 40 యూనిట్లు దాటకూడదని చెప్పింది, ఎండ కొట్టి డ్రైవరు కళ్లు చెదరకుండా. ఆ తరవాతి బండ్లకు అద్దపు మెరుపు ఇచ్చినవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మీది 1952 కాబట్టి ఆ నిబంధన వర్తించదు. అయినా రింగుల లోపలి గాడిలో చూడండి, అసలు ముగింపు మెరుపా, సన్నగీతల మసక మెరుపా అన్నది అక్కడ మిగిలి ఉంటుంది. మసక మెరుపు కావాలంటే ఆ గీతలను నికెల్ దశలోనే వేయాలి, క్రోము తరవాత గీకితే పూత పోతుంది.

మరొకటి. పక్కపక్కన కనిపించే ముక్కలన్నీ ఒకే చోట, ఒకే విడతలో వేయించండి. మూడు సంయోజకత క్రోము తొట్టెలో వేసిన పూత పాత (ఆరు సంయోజకత) పద్ధతి పూత కన్నా కొంచెం ముదురుగా ఉంటుంది. రెండూ ఒకే డ్యాష్‌బోర్డు మీద ఉంటే తేడా తెలుస్తుంది.

పాతబండి
ఇప్పుడు ఒక స్పష్టత వచ్చింది. హ్యాండిళ్లు, పిడులు, హారన్ రింగు, మీటర్ల రింగులు కలిపి ఒకే వర్క్‌షాపుకు వెళ్తాయి, రాగి పూత వేశాక గుంటలు నేనే నింపి తిరిగి ఇచ్చే షరతు మీద. పట్టీలు నేనే బఫ్ చేస్తాను. జాలీకి రంగు.

జాలీ గాడుల్లో సన్నటి నల్ల గీతలున్నాయి, హ్యాండిళ్ల పల్లంలో కూడా పాత దంతపు రంగు ఆనవాళ్లు కనిపిస్తున్నాయి. వాటిని ఎలా నింపాలి?

రంగులపని
హ్యాండిళ్లకు పూత అయ్యాకే. పల్లంలోకి ఎనామిల్‌ను పొంగేలా వదలండి. కాస్త బిగుసుకున్నాక, పూర్తిగా ఆరకముందే, నున్నటి చెక్క ముక్కకు బిగుతుగా గుడ్డ చుట్టి, దాని మీద టర్పెంటైన్ రెండు చుక్కలు వేసి, పైభాగం మీదుగా అడ్డంగా తుడవండి. గుడ్డ వదులుగా ఉంటే గాడిలోకి దిగి రంగును లాగేస్తుంది. జాలీ రంగు వేసిన ముక్క కాబట్టి ఇలా తుడిస్తే కింది వెండి రంగు పోతుంది. దానికి ముందు నల్ల రంగు కొట్టి, ఆరాక గాడులకు టేపు అంటించి, ఆ మీద వెండి రంగు కొట్టండి.

టంకంపెట్టె
ఇచ్చేముందు ప్రతి ముక్కనూ వెనకా ముందూ ఫోటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. దిమ్మెలెన్ని, స్క్రూ కాడలెన్ని అన్నది రాసుకోండి. పాత కాడలు విరగడం మామూలే, ఎప్పుడు విరిగిందన్న వాదన రాకూడదు. స్క్రూ మరలకు, హ్యాండిల్ లోపలి పళ్లకు పూత అంటకుండా మూయమని చెప్పండి. రాగి, నికెల్ కలిసి మందం పెంచితే హ్యాండిల్ ఇరుసు మీదికి ఎక్కదు, సుత్తితో కొడితే జింక్ పగులుతుంది. బిగించేటప్పుడు ఇనుప స్క్రూలకు కాస్త మైనం రాయండి. హారన్ రింగును మాత్రం చివర బిగించండి, దాని కింద స్ప్రింగులు ఏ వరసలో ఉన్నాయో ఫోటో ఉందా?

పాతబండి
ఉంది. రెండు పొడవు, ఒకటి పొట్టి. పొట్టిది ఎటువైపు అన్నది మాత్రం ఫోటోలో చేతి నీడలో పడింది.

పాతకాలం
ఆ కాలపు సర్వీస్ మాన్యువల్‌లో స్టీరింగు అధ్యాయం చివర విడదీసిన బొమ్మ ఉంటుంది. మోడల్ అంకె రాస్తే నా దగ్గరున్న ప్రతి తిరగేసి చెబుతాను.